విజయవాడలో సైకిల్ దారి: ఎవరి కోసం, ఎవరి తరఫున? తరచుగా అడిగే ప్రశ్నలు

బందరు రోడ్డు అన్నా, ఏలూరు రోడ్డు అన్నా, కాలువ గట్టు అన్నా సరే, సైకిల్ దారి మాట వినపడగానే బెజవాడలో అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. షాపుల వాళ్లవి కొన్ని, సైకిల్ తొక్కేవాళ్లవి కొన్ని, రెండూ కాని వాళ్లవి ఇంకొన్ని. పని ఏ దశలో ఉంటే ఏ ప్రశ్న వస్తుందో చూసి విడదీశాం. మీకు కావలసిన దగ్గరికి నేరుగా వెళ్లండి, ఒక జవాబు కోసం ఇంకోటి చదవనక్కర్లేదు.

## మాట చెవిన పడగానే

రోడ్డు పక్కన తెల్లగీత గీసి సైకిల్ బొమ్మ వేస్తే సరిపోదా?

గీత మీద రెండో రోజు ఆటో ఆగుతుంది, మూడో రోజు కొబ్బరిబోండాల బండి వస్తుంది, వారం తిరిగేసరికి అది బైకుల స్టాండు. రంగుకి చక్రాన్ని ఆపే బలం లేదు. బస్సులూ లారీలూ తిరిగే రోడ్డు మీద సైకిల్ దారి రోడ్డు కంటే ఓ 10 సెంటీమీటర్లు ఎత్తులో ఉండాలి, లేదా మధ్యలో గట్టి అంచు ఉండాలి. ఆ అంచుకూ సైకిల్‌కూ నడుమ కనీసం అర మీటరు వదలాలి. ఆగిన కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకునేది ఆ జాగాలోకే. వాహనాలు గంటకు 30 కిలోమీటర్లు దాటని లోపలి వీధుల్లో మాత్రం విడి దారి అక్కర్లేదు. అక్కడ నాలుగు స్పీడ్ బ్రేకర్లు సరిగ్గా వేయిస్తే చాలు.

ఈ రోజుల్లో సైకిల్ ఎవడు తొక్కుతున్నాడండీ?

పొద్దున పదింటికి బెంజి సర్కిల్ దగ్గర నిలబడితే ఈ ప్రశ్న సబబే అనిపిస్తుంది. అయిదున్నరకు సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగేచోట నిలబడండి. క్యారేజీకి టిఫిన్ డబ్బా, హ్యాండిల్‌కి తాపీ సంచి తగిలించుకుని అడ్డాకు వెళ్లే మేస్త్రీలు, రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్‌లు, పేపర్లు వేసేవాళ్లు, పూలబుట్టలు, ఆటోనగర్ షెడ్లకు వెళ్లే కుర్రాళ్లు. ఎండెక్కే వేళకు వీళ్లంతా పనిలో ఉంటారు కాబట్టి ఆఫీసుకు వెళ్లేవాళ్ల కంట పడరు.

ప్రభుత్వ లెక్కలూ వీళ్లని పూర్తిగా పట్టవు. 2011 జనగణన పనికి ఎలా వెళ్తారని అడిగింది గానీ, వ్యవసాయమూ ఇంటి పరిశ్రమా కాని పనులు చేసేవాళ్లనే అడిగింది. బడికి వెళ్లే పిల్లా, రేషన్ బియ్యం తెచ్చుకునే పెద్దాయనా అందులో లేరు.

ఊరంతా సైకిలెక్కితేనే దారి కట్టాలన్న రూలు కూడా ఎక్కడా లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే ఒక కొలత పెట్టింది: మోటారు వాహనాలు గంటకు 200 దాటే రోడ్డు మీద రద్దీ గంటలో 100 సైకిళ్లు వెళ్తున్నా విడి దారి సమంజసమే. మన పెద్ద రోడ్ల మీద 200 వాహనాలకు గంట దాకా అక్కర్లేదు.

రోడ్డు ఎవరిది? అర్జీ ఎవరికి పెట్టాలి?

ఒక్కరిది కాదు, తిప్పలన్నీ అక్కడే. జాతీయ రహదారి ముక్క హైవే సంస్థది, కొన్ని రోడ్లు ఆర్ అండ్ బీవి, మిగతావి నగరపాలక సంస్థవి. కాలువ గట్లు జలవనరుల శాఖవి. స్తంభాలు విద్యుత్ పంపిణీ సంస్థవి, సిగ్నళ్ల నడక ట్రాఫిక్ పోలీసుల చేతిలో. ఒకే రోడ్డులో కిలోమీటరు తిరక్కుండానే యజమాని మారొచ్చు. కాబట్టి మొదటి అర్జీలో వేరే ఏమీ అడక్కండి. ఫలానా జంక్షన్ నుంచి ఫలానా జంక్షన్ వరకు రోడ్డు ఏ శాఖ అధీనంలో ఉందో రాసివ్వమనండి చాలు. ఆ కాగితం చేతిలో లేకుండా మాట్లాడితే ప్రతి టేబులూ పక్క టేబుల్ని చూపిస్తుంది.

సైకిల్ అంటే తెలుగుదేశం గుర్తు కదా. ఇది పార్టీ పనేనా?

నవ్వొచ్చే ప్రశ్నే గానీ పనులు ఆగిపోవడానికి ఇది చాలు. ఉత్తరప్రదేశ్‌లో సమాజ్‌వాదీ పార్టీ గుర్తు కూడా సైకిలే. 2017లో అక్కడ ప్రభుత్వం మారాక సైకిల్ ట్రాకులు ఉంచాలా తీసేయాలా అన్న చర్చ లేచింది. మన రాష్ట్రంలోనూ పంచాయతీ భవనాల రంగుల గొడవ 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇక్కడ పాటించాల్సినవి మూడు. దారికి పసుపు రంగు వేయించొద్దు, ఏ పార్టీ రంగూ వద్దు. బోర్డు దేశమంతటా వాడే ట్రాఫిక్ గుర్తే ఉండాలి: నీలం గుండ్రంలో తెల్ల సైకిల్. దాని మీద నాయకుల ఫొటోలు రాకూడదు. అర్జీ మీద రెండు పక్షాల కార్పొరేటర్ల సంతకాలూ ఉంటే ఎన్నికల తర్వాత కూడా ఆ ఫైలు బతుకుతుంది.

మెట్రో వస్తుందంటున్నారు. ఇప్పుడు కట్టి అప్పుడు తవ్వేస్తారా?

మెట్రో ప్రతిపాదనల్లో నెహ్రూ బస్టాండు నుంచి గన్నవరం వైపు ఒక మార్గం, పెనమలూరు వైపు ఒక మార్గం ఉన్నాయి. రెండోది బందరు రోడ్డు మీదే వెళ్తుంది. స్తంభాలు మామూలుగా రోడ్డు నడుమ వస్తాయి, అయితే పని జరిగినన్నాళ్లూ బారికేడ్ల వల్ల వాహనాలను పక్కలకు నెడతారు. సైకిల్ దారి పోయేది అప్పుడే. డీపీఆర్‌లో, అంటే మెట్రో సమగ్ర ప్రాజెక్టు నివేదికలో, పని జరిగే కాలానికి రోడ్డు ఎలా పంచుతారో వేరే డ్రాయింగ్ ఉందా అని అడగండి. లేకపోతే ఆ రోడ్డును వదిలి దానికి సమాంతరంగా ఉన్న లోపలి వీధులను ముందు బాగు చేయమనడం మేలు.

## సైకిలిస్టుల తరఫున ఎవరు?

సైకిల్ క్లబ్బు వాళ్లు ఒప్పుకున్నారట. ఇంకేం కావాలి?

క్లబ్బు ఒప్పుకుంటే క్లబ్బు ఒప్పుకున్నట్టు. ఊరు ఒప్పుకున్నట్టు కాదు.

తెల్లవారుజామున గేర్ల సైకిల్ మీద ముప్పై నలభై కిలోమీటర్లు తిరిగొచ్చేవాళ్లకు కావలసింది ఆగకుండా సాగే నున్నటి తారు. గంటకు పాతిక కిలోమీటర్ల వేగం వాళ్లది. తాపీ మేస్త్రీది గేర్లు లేని నల్ల సైకిల్, పది పన్నెండు కిలోమీటర్ల వేగం, మూడు నాలుగు కిలోమీటర్ల దూరం, వెనక బరువు. ఆయనకు కావలసినవి అడ్డదారి, చౌరస్తా దాటే చోటు, సైటు దగ్గర తాళం వేసుకునే కమ్మీ, ఫ్లైఓవర్ ఎక్కక్కర్లేని దారి. హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో సౌర పలకల పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. వ్యాయామానికి బ్రహ్మాండం. నగరం నడిబొడ్డున కూలికి వెళ్లేవాడికి అది ఉన్నా లేనట్టే. రెంటికీ సైకిల్ దారి అనే పేరు, అవసరాలు వేరు.

అలాగని క్లబ్బుల్ని తీసిపారేయకండి. డ్రాయింగ్ చదవగలిగేదీ, ఆఫీసుల చుట్టూ తిరిగే తీరిక ఉన్నదీ ఎక్కువగా వాళ్లకే. వాళ్లు చేయాల్సిందల్లా “మా సభ్యులు ఇంతమంది, మేం తొక్కేది ఈ వేళల్లో, ఈ రోడ్ల మీద” అని ముందు చెప్పి, తర్వాత మాట్లాడటం.

మా సంఘం రిజిస్టరైంది. మేమే ప్రతినిధులం అనొచ్చా?

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద సంఘం పెట్టుకోవడానికి ఏడుగురు ఉంటే చాలు. రిజిస్ట్రేషన్ వల్ల బ్యాంకు ఖాతా వస్తుంది, లెటర్‌హెడ్ వస్తుంది, కోర్టులో సంఘం పేరున నిలబడే వీలు వస్తుంది. ఊళ్లో సైకిల్ తొక్కేవాళ్లందరి తరఫున మాట్లాడే హక్కు మాత్రం రాదు. “సైకిల్ మేయర్” అనే బిరుదు కూడా అలాంటిదే. అది ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే కార్యక్రమంలో ఇచ్చే పేరు. ఉత్సాహం ఉన్నవాళ్లకే ఇస్తారు, మంచి పనులూ జరుగుతాయి, మన మున్సిపల్ చట్టంలో మాత్రం ఆ పదవి లేదు. మీటింగు మినిట్స్‌లో “సైకిలిస్టుల ప్రతినిధి” అని మీ పేరు రాస్తుంటే ఆపి, “ఫలానా సంఘం కార్యదర్శి” అని రాయించుకోండి. రేపు ఎవరైనా నిలదీస్తే నిలబడేది ఆ మాటే.

తోపుడు బండ్ల వాళ్లకి కమిటీ ఉంది కదా, సైకిల్ వాళ్లకి ఎందుకు లేదు?

వీధి వ్యాపారుల చట్టం 2014 టౌన్ వెండింగ్ కమిటీని తప్పనిసరి చేసింది. అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులే, వాళ్లలో వాళ్లు ఎన్నుకున్నవాళ్లే ఉండాలి. ఆ సీట్లలో మూడో వంతు మహిళలవి. ఒక చోటి నుంచి కదిలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సైకిల్ తొక్కేవాడికి అలాంటి చట్టమూ లేదు, ఎన్నికా లేదు, గుర్తింపు కార్డూ లేదు. బండి వాడికి చోటు స్థిరం కాబట్టి సర్వే చేసి జాబితా రాయొచ్చు. సైకిల్ వాడు ఆ రోడ్డు మీద ఉండేది నాలుగు నిమిషాలు, అతన్ని జాబితాలోకి ఎక్కించడం ఎలా?

దీని ఫలితం ఒకటి గమనించండి. బీసెంట్ రోడ్డు లాంటి చోట సైకిల్ దారి గీస్తే, పక్కకు జరగాల్సిన బండి వాడి తరఫున చట్టబద్ధంగా మాట్లాడేవాళ్లుంటారు, దారి వాడుకునేవాడి తరఫున ఉండరు. వెండింగ్ కమిటీతో ముందే కూర్చోవడం తెలివైన పని. బండి వాళ్లలో చాలామంది సరుకు తెచ్చుకునేది కూడా సైకిల్ మీదో మూడు చక్రాల రిక్షా మీదో.

కార్పొరేటరే ప్రజాప్రతినిధి కదా? ఇంకొకరు ఎందుకు?

నిజమే, ఓటు పడింది ఆయనకే. ఇబ్బంది ఏమిటంటే విజయవాడలో 64 డివిజన్లు, సైకిల్ దారి నాలుగైదు డివిజన్లు దాటి పోతుంది. దారి పక్క డివిజన్ కార్పొరేటర్‌కు ఓటేసేది షాపు యజమాని, దారి వాడుకునే కూలీ ఓటు పాయకాపురంలో ఉంటుంది. పార్కింగ్ పోయినవాడి కోపం ఒక డివిజన్‌లో పడితే ఉపయోగం ఇంకో డివిజన్‌కు చేరుతుంది. అందుకే కూలీలు బయల్దేరే డివిజన్ల కార్పొరేటర్లను కూడా కలవాలి. రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణ మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంటోంది. మీ దగ్గర అది పనిచేస్తోందా అని అడిగి, ఉంటే అందులో మాట్లాడండి. 2019 నుంచి 2021 మార్చి దాకా లాగా కౌన్సిల్ లేక ప్రత్యేకాధికారి పాలన నడిచే కాలాల్లో అర్జీ కమిషనర్‌కే వెళ్తుంది. అప్పుడు తీర్మానం చేసే సభే ఉండదు కాబట్టి రాతపూర్వక జవాబు అడగడం మరీ అవసరం.

మీటింగుకు రానివాళ్ల మాట ఎలా తీసుకురావాలి?

మామూలు రోజున పదకొండింటికి కార్పొరేషన్ ఆఫీసులో సమావేశం పెడితే దినకూలీ రాడు. వస్తే ఆ రోజు కూలి పోతుంది. కాబట్టి ఆయన ఉన్నచోటికే వెళ్లాలి: ఏడు గంటల లోపు కూలీల అడ్డా, మధ్యాహ్నం ఆటోనగర్ టీ బంకు, బడి వదిలే వేళ గేటు దగ్గర సైకిల్ స్టాండు. మూడే ప్రశ్నలు అడగండి. ఎక్కడి నుంచి ఎక్కడికి? ఏ చోట దిగి నడిపించుకుంటారు? ఏ చోటికి భయపడి చుట్టూ తిరిగి వెళ్తారు? “సైకిల్ దారి కావాలా?” అని మాత్రం అడక్కండి. కావాలనే అంటారు, దానివల్ల తెలిసేది సున్నా.

ఆడపిల్లలతో వేరేగా, వీలైతే టీచరమ్మ ద్వారా మాట్లాడాలి. వెలుతురు లేని మలుపులూ పోకిరీలు కాచుకునే మూలలూ వాళ్లకే తెలుసు, మగవాళ్ల ముందు చెప్పరు. చెప్పిన మాటలు పేర్లు లేకుండా, చోటూ వేళా మాత్రం రాసి అర్జీకి జత చేయండి.

సైకిళ్ల లెక్క మేమే పెట్టొచ్చా? ఎలా?

పెట్టొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. నిజానికి “మేం ఎవరి తరఫున” అన్న ప్రశ్నకు ఈ కాగితాన్ని మించిన జవాబు లేదు.

ఒక్కో చోటికి ఇద్దరు, చెరో దిక్కు. తెల్లకాగితం అడ్డంగా పట్టుకుని 15 నిమిషాలకో గడి గీయండి: 5.30, 5.45, 6.00 అలా ఎనిమిదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం 5 నుంచి 8 దాకా. నిలువునా ఆరు వరసలు: మగవాళ్లు, ఆడవాళ్లు, బడిపిల్లలు, బరువుతో వెళ్లేవాళ్లు, మూడు చక్రాల రిక్షాలు, తోసుకుంటూ నడిచేవాళ్లు. నాలుగు నిలువుగీతలు గీసి అయిదోది అడ్డంగా కొట్టే పద్ధతే వాడండి. ఫోనులో నొక్కుతూ కూర్చుంటే ఒకేసారి నలుగురు వచ్చినప్పుడు ఇద్దరు తప్పిపోతారు. ఎదురుదిక్కులో వచ్చేవాళ్లకు గీత పక్కన చుక్క పెట్టండి. చుక్కలు ఎక్కువగా ఉన్నాయంటే అక్కడ డివైడర్‌కు దాటే చోటు లేదని అర్థం.

కనీసం మూడు మామూలు పనిరోజులు చేయాలి. దసరా తొమ్మిది రోజులు, భవానీ దీక్షల విరమణ రోజులు, పరీక్షల సెలవులు, వాన పడిన పొద్దు లెక్కకు పనికిరావు. కొండ కిందికి వచ్చే భక్తుల రద్దీ ఊరి నడకనే మార్చేస్తుంది. ప్రతి కాగితం మీద చోటు, తేదీ, వాతావరణం, లెక్కపెట్టినవాళ్ల సంతకం ఉండాలి. కూడికలు తప్పితే దిద్దకుండా కొట్టేసి పక్కన రాయండి. దిద్దిన కాగితాన్ని ఎదుటివాళ్లు మొదటి నిమిషంలోనే పట్టుకుంటారు.

## డ్రాయింగ్ చేతికొచ్చాక

డ్రాయింగ్ అడిగితే ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

సమాచార హక్కు చట్టం కింద నగరపాలక సంస్థ పౌర సమాచార అధికారికి తెలుగులోనే, చేత్తో రాసివ్వొచ్చు. ఫీజు 10 రూపాయలు, తెల్లకార్డు ఉన్నవాళ్లకు లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అక్కడి నుంచి 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

“ప్రాజెక్టు వివరాలు ఇవ్వండి” అని రాస్తే రెండు లైన్ల జవాబు వస్తుంది. ఇలా అడగండి: పూర్తి ప్లాను, ట్రాఫిక్ లెక్కల అసలు కాగితాలు, నేల కింద పైపులూ కేబుళ్ల మ్యాపు, ఎస్టిమేటు, కాంట్రాక్టు ఒప్పందం, అన్నిటికంటే ముఖ్యంగా “దారి అత్యంత ఇరుగ్గా ఉన్న మూడు చోట్ల క్రాస్ సెక్షన్”, అంటే రోడ్డును అడ్డంగా కోసినట్టు చూపించే బొమ్మ. మీటింగులో గోడకు తగిలించే బొమ్మ ఎప్పుడూ వెడల్పైన చోటుదే. గొడవంతా ట్రాన్స్‌ఫార్మర్ అడ్డొచ్చే చోట ఉంటుంది.

వెడల్పు ఎంత ఉంటే సరిపోతుంది?

ఒక దిక్కు ప్రయాణానికి 2 మీటర్లు, రెండు దిక్కులకూ 3 మీటర్లు. కాగితం మీద కాదు, నేల మీద. మనిషి తొక్కుతున్న సైకిల్ అటూ ఇటూ ఊగుతూ దాదాపు మీటరు తీసుకుంటుంది. 2 మీటర్లుంటేనే ఒకర్ని ఒకరు దాటగలరు, మూడు చక్రాల రిక్షా పడుతుంది. డ్రాయింగ్‌లో 2 మీటర్లని ఉండి, మధ్యలో కరెంటు స్తంభం, చెట్టు, బోర్డు కాలు వచ్చాయంటే అక్కడ మిగిలే జాగా ఎంతో వేరే కొలవాలి. టేపుతో వెళ్లి కొలిచి, ఆ అంకెను డ్రాయింగ్ మీదే ఎర్ర పెన్నుతో రాయండి.

బైకులు దూరకుండా ఇనుప స్తంభాలు దగ్గర దగ్గరగా పాతేస్తే పోదా?

పోదు. స్కూటరు, బైకు హ్యాండిల్ వెడల్పు 70 నుంచి 80 సెంటీమీటర్లు. అవి పట్టకుండా సందు తగ్గిస్తే చక్రాల కుర్చీ ఆగిపోతుంది, దానికి కనీసం 90 కావాలి. రిక్షా ఎలాగూ పట్టదు. అంటే బైకును మాత్రమే ఆపే సందు లెక్క అనేది లేదు. స్తంభాలు 1.2 మీటర్ల ఎడంతో పాతి కార్లనూ ఆటోలనూ ఆపడం వరకే కుదురుతుంది. బైకుల్ని ఆపాలంటే ఆ పక్క రోడ్డు మీద బైకు ఇరుక్కునే కారణం తీసేయాలి. అంటే రెండో వరసలో ఆగే కార్లు. నేలకు అడ్డంగా గొలుసు కట్టే ఐడియా ఎవరైనా చెబితే వెంటనే వద్దనండి. చీకట్లో మొదట పడేది సైకిల్ వాడే.

డ్రెయిన్ మూతల గురించి ఎందుకంత పట్టుబడతారు?

వంగి చూస్తే తెలుస్తుంది. ఇనుప జాలీ కమ్మీలు సైకిల్ వెళ్లే దిక్కుకే సాగి, మధ్య సందు మూడు వేళ్లు ఉందనుకోండి, ముందు చక్రం అందులోకి దిగుతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. క్లబ్బు వాళ్ల సన్న టైరు 25 నుంచి 28 మిల్లీమీటర్లే, మామూలు నల్ల సైకిల్‌ది 38 పైచిలుకు. సన్న టైరును లెక్కలో పెట్టుకుని సందు 20 దాటకూడదు, కమ్మీలు ప్రయాణానికి అడ్డంగా ఉండాలి. మూత నేలతో సమంగా కూర్చోవాలి. తారు మళ్లీ వేసిన ప్రతిసారీ మూత గుంటలోకి పోతుంది, కాబట్టి ఎస్టిమేటులో “మూతలు పైకెత్తి సరిచేయుట” అనే పద్దు ఉందో లేదో చూడండి. అన్నిటికంటే మంచిది జాలీలు దారి అంచుకు నెట్టేయడం.

కాలువ గట్టు మీద వేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు కదా?

బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊళ్లోంచే పోతాయి, గట్లు నీడగా ఉంటాయి, సిగ్నళ్లు లేవు. మ్యాపులో చూస్తే దీన్ని మించింది లేదు. నేల మీద చిక్కులివి. గట్ల మీద ఏళ్ల తరబడి ఇళ్లున్నాయి, “సైకిల్ దారి” పేరుతో వాళ్లను లేపుతారన్న భయం ఊరికే పుట్టింది కాదు. దారి గీసేముందు ఎన్ని ఇళ్లు, వాళ్లకు ఏం చూపిస్తారు అన్నది రాతలో లేకపోతే ఆ ప్రతిపాదనకు సైకిలిస్టుల పేరు పెట్టనివ్వకండి.

రెండోది, గట్టు వీధి కంటే ఎత్తు. ఎక్కడానికి 20 అడుగుల పొడవుకు 1 అడుగు కంటే వాలు ఎక్కువైతే బరువుతో ఉన్నవాడు దిగి తోయాలి. ఎక్కే దిగే చోట్లు దగ్గర దగ్గర లేకపోతే రాత్రి ఆడవాళ్లు ఆ వైపే రారు. మూడోది వరద. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు చూశాం కదా, ఎత్తుగా ఉన్న ప్రతి జానెడు నేలా ప్రాణాధారమే. గట్టు మొదట్లో పాతే స్తంభాలు తాళం తీసి ఎత్తేసేలా ఉండాలి, తాళంచెవి వార్డు సచివాలయంలో ఉండాలి. పని పెట్టుకుంటే కాలువలు కట్టేసే వేసవి నెలల్లోనే.

రోహిణి కార్తెలో సైకిల్ ఎవరు తొక్కుతారు?

వేరే దారి లేనివాళ్లు ఇప్పుడూ తొక్కుతూనే ఉన్నారు. చెట్లున్న వైపే దారి వేయించండి, చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం 2002 కింద అనుమతి ఉండాలి. ఆ కాపీ అడగండి.

## గొడవ మొదలయ్యాక

మా షాపు ముందు పార్కింగ్ పోతే వ్యాపారం ఏం కావాలి?

భయం న్యాయమైనదే, కొట్టిపారేయకూడదు. అయితే ముందు కొలవాలి. ఒక శనివారం సాయంత్రం 5 నుంచి 9 దాకా, అరగంటకోసారి షాపు ముందు ఆగిన ప్రతి బండి నంబరులో చివరి నాలుగు అంకెలు రాయండి. నాలుగు గంటలూ అవే అంకెలు కనపడితే అది కొనేవాళ్ల బండి కాదు, మీదో పక్క షాపు గుమాస్తాదో. చాలా బజార్లలో గొడవ తగ్గేది ఇక్కడే. కారు ఆగే 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు జాగాలో పది సైకిళ్లు పడతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

సరుకు దించుకోవడం వేరే సంగతి. దానికి పొద్దున ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా అని వేళ రాయించుకోండి, దారికి అవతలి వైపు దించే చోటు గీయించుకోండి. ఇది అడగకుండా “మొత్తం వద్దు” అంటే, దారి వచ్చేసరికి మీ సరుకు లారీకి చోటు మిగలదు.

సైకిల్ తొక్కేవాళ్లలోనే కొందరు వద్దంటున్నారు. ఎందుకలా?

మూడు కారణాలుంటాయి. వేగంగా వెళ్లేవాళ్లకు ఇరుకు దారిలో పిల్లలనూ నడిచేవాళ్లనూ తప్పించుకోవడం ప్రమాదం. దారి వచ్చాక “నీకు వేరే దారి ఉందిగా” అని పెద్ద రోడ్డు మీంచి తరిమేస్తారని ఇంకొందరి భయం. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 138(1ఎ) సెక్షన్ మోటారు లేని వాహనాలు ఎక్కడ తిరగొచ్చో రాష్ట్రం నియమాలు చేయొచ్చంటోంది, కాబట్టి ఆ భయం ఉత్తది కాదు. మూడోవాళ్లకు డబ్బు వేరేచోట పెట్టాలని: అయిదు కిలోమీటర్ల దారి కంటే అయిదు చౌరస్తాలు బాగుచేయడం మేలని. ఇది బలమైన వాదన. చౌరస్తాల దగ్గర తగిలే దెబ్బలు తక్కువేమీ కాదు.

వీటిని ఒకే గొంతుగా చూపించడానికి ప్రయత్నించకండి. మూడు వాదనలనూ విడివిడిగా, ఎవరివో చెబుతూ సమర్పిస్తే ఇంజినీరు కూడా శ్రద్ధగా చదువుతాడు.

అభ్యంతరం ఎలా రాయాలి? ఎక్కడ ఇవ్వాలి?

సోమవారాల్లో జరిగే ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికలో ఇచ్చి నంబరున్న రసీదు తీసుకోండి. ఒక కాగితంలో ఒకే చోటు, ఒకే సమస్య. చోటును కరెంటు స్తంభం నంబరుతో చెప్పండి. “గుడి దగ్గర” అంటే బెజవాడలో ఏ గుడో తెలియదు. ఏం జరుగుతుందో రెండు వాక్యాలు, ఏం మారిస్తే ఒప్పుకుంటారో ఒక వాక్యం. ఒకే జిరాక్స్ మీద వంద సంతకాల కంటే, పది చోట్ల గురించి పది వేర్వేరు కాగితాలకు బరువెక్కువ.

## కట్టిన తర్వాత

ట్రాక్ మీద బైకు నడిపితే ఫైన్ ఉంటుందా?

ఫుట్‌పాత్ మీదా సైకిల్ ట్రాక్ మీదా మోటారు బండి నడపకూడదన్నది 1989 రహదారి నిబంధనల్లోనే ఉండేది, వాటి స్థానంలో వచ్చిన 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనూ ఉంది. అయితే పోలీసు చలానా రాయాలంటే అది సైకిల్ ట్రాక్ అని చెప్పే నీలం బోర్డు అక్కడ ఉండాలి. మొదట్లోనూ, ప్రతి చౌరస్తా దాటాకా బోర్డు ఉందో లేదో చూడండి. బోర్డు లేకపోతే బండివాడు చేసే వాదనే నెగ్గుతుంది.

నంబరు ప్లేటు లేని చిన్న కరెంటు బండ్లు రావొచ్చా?

మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్నవి చట్టం దృష్టిలో మోటారు వాహనాలు కావు. కాబట్టి బోర్డు మీద స్పష్టంగా రాయకపోతే వాటిని ఆపడం కష్టం. పెడలు ఉన్న కరెంటు సైకిల్‌ను రానివ్వడం, డెలివరీ స్కూటర్లను వద్దనడం చాలా మంది ఒప్పుకునే గీత. ఆ నిర్ణయం తెరిచే రోజుకే జరిగిపోవాలి. ఆర్నెల్లు అలవాటయ్యాక ఎవరూ దిగరు.

దారి డిజైన్ తప్పు వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే?

మోటారు వాహనాల చట్టం 198ఎ ప్రకారం, రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణమో వైకల్యమో కలిగితే బాధ్యులైన సంస్థకు, కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. దీనికి సాక్ష్యం కావాలి: అదే రోజు, స్కేలో అగ్గిపెట్టో పక్కన పెట్టి తీసిన ఫొటో, అంతకుముందు ఆ చోటు గురించి ఇచ్చిన అర్జీ రసీదు. మరమ్మతు మర్నాడే జరిగిపోతుంది, ఫొటో ఒక్కటే మిగులుతుంది.

కట్టి ఏడాదైంది, ఎవరూ తొక్కడం లేదు. తీసేయమని అడగొచ్చా?

అడగొచ్చు. ముందు మూడు చూడండి. దారి ఏదో గోడ దగ్గరో ఫ్లైఓవర్ మొదట్లోనో ఠక్కున ఆగిపోతోందా? రోజూ ఊడుస్తున్నారా, లేక గాజుపెంకులూ ఇసుకా పేరుకున్నాయా? సైకిల్‌కు పంక్చరు భయం లారీ భయం కంటే తక్కువేమీ కాదు. కాంట్రాక్టరు ఒప్పందంలో లోపాలు సరిచేసే గడువు ఇంకా మిగిలి ఉందా? ఈ మూడూ సరిగ్గా ఉండి, కట్టకముందు లెక్కపెట్టిన అదే చోట, అదే వేళల్లో, అవే వరసలతో మళ్లీ లెక్కపెట్టినా సైకిళ్లు పెరగకపోతే, ఆ జాగాను ఫుట్‌పాత్‌కు కలపమని అర్జీ పెట్టండి. పార్కింగ్‌కు ఇవ్వమని అడగాలనుకునేవాళ్లు కూడా రెండు లెక్కల కాగితాలూ జత చేయాలి. పొద్దున పదింటికి తీసిన ఖాళీ ట్రాక్ ఫొటో చెల్లదు.